విప్పని కవర్లు

"మీసాలు తీసేస్తే ఓ ఐదేళ్ళు తగ్గుతారంకుల్," అంది కళ్ళజోడు అమ్మాయి, ఆయన కాగితాల వంక చూడకుండానే.

పెద్దాయనకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగ సలహా కేంద్రానికి ఆయన రావడం ఇది పదకొండోసారి. వచ్చిన ప్రతిసారీ టోకెను తీసుకోవడం, తడి గొడుగుల కంపూ ఫినాయిలు కంపూ కలిసిన ఆ గదిలో గంటన్నర కూర్చోవడం, చివరికి ఈ అమ్మాయి బల్ల ముందుకొచ్చి ఇలాంటి ముత్యాలు ఏరుకుని పోవడం. మొదటిసారి జుట్టుకు రంగెయ్యమంది. వేశాడు. తర్వాత నవ్వడం నేర్పే తరగతికి పంపింది. యాభై ఏడేళ్ళ మనిషి, తనలాంటి పదిమంది మధ్య నిలబడి, అద్దంలో తన పళ్ళు తనే చూసుకుంటూ ఓ పూటంతా ఇకిలించి వచ్చాడు. ఆ పూట ముద్ద దిగలేదు.

మూతపడ్డ నూలు మిల్లులో ఆయన ఇరవై ఆరేళ్ళు ఆఫీసు పని చూశాడు. గుమాస్తాగా చేరి మేనేజరుగా బయటికొచ్చాడు. ఇప్పుడు ఆ కుర్చీ అక్కర్లేదు. ఏ మిల్లులోనైనా స్టోర్సు తాళాలు పట్టుకుని నిలబడే పనైనా చాలు. ఎందుకంటే భార్య ఎదురు వీధి హాస్టలు బట్టలు ఇస్త్రీకి ఒప్పుకుంది. ఏడు నెలలుగా పొద్దస్తమానం నిలబడి చేసి చేసి ఆవిడ కుడి మణికట్టు బన్నులా వాచింది. ఇంకో నెల ఇలాగే సాగితే ఆ చెయ్యి మరి పనికి రాదని డాక్టరు తేల్చేశాడు. ఎడమ చేత్తో అలవాటు చేసుకుంటున్నాలే అని ఆవిడ నవ్వేసింది. ఆ మాట విన్నాక ఆయన ఇంట్లో నిలబడలేకపోయాడు.

అందుకే ఇవాళ తాడో పేడో తేల్చుకోవాలని వచ్చాడు. చేతిసంచీలోంచి కవర్లు తీసి బల్ల మీద పడేశాడు. ఈ కేంద్రం ద్వారా తొమ్మిది మిల్లులకు పెట్టిన దరఖాస్తులవి. తొమ్మిదీ తిరిగొచ్చాయి. ఒక్కటీ విప్పలేదు. ఆయన రాసిన జిగురు రాసినట్టే ఉంది.

"ఇవి అసలు ఇక్కణ్ణుంచి కదిలాయా అమ్మా?"

కదిలాయని ఆమె మిల్లుల ముద్రలు చూపించింది. మళ్ళీ పంపుదాం, అయితే బయోడేటా మార్చాలి అంటూ ఎర్ర పెన్ను తీసి రెండు లైన్లు అడ్డంగా కొట్టేసింది. ఒకటి మేనేజరు హోదా. రెండోది ఎప్పుడో మిల్లు యజమానుల సంఘానికి, రోజుకు వందేసి కాగితాల మీద సంతకాలు పెడుతూ, రెండేళ్ళు కార్యదర్శిగా చేసిన సంగతి. ఇవి లేకపోతేనే మీకు మంచిదంకుల్ అంది. ఎందుకు మంచిదో చెప్పలేదు. ఆయన జీవితం మొత్తం మీద గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నవే ఆ రెండు ముక్కలు. వాటినీ ఎలక కొరికినట్టు కొరికేస్తోంది ఈ పిల్ల.

ఆ పైన ఎప్పుడూ ఉండే పాటే. కొత్త కవరు, ఎడమ పక్క పై మూల వయసు, పెద్ద అంకెల్లో. సంతలో గొడ్డుకు చీటీ కట్టినట్టు కవరు మీద వయసెందుకని ఆయన అడగడం మామూలే. అది మిల్లుల పద్ధతి అని ఆమె అనడమూ మామూలే. పక్క బల్ల దగ్గర ఇంకో సలహాదారు, చూపు మందగించిన ఓ దర్జీకి కంప్యూటరు తరగతి కాగితం అంటగడుతున్నాడు. దర్జీ దాన్ని తలకిందులుగా పట్టుకుని తలూపుతున్నాడు. చూస్తుంటే పెద్దాయనకు రోత పుట్టింది.

"ఏ మిల్లు పద్ధతమ్మా అది? మా మిల్లులో దరఖాస్తుల టపా గుమాస్తాలే చూసేవాళ్ళు, ఇలాంటి దరిద్రం నేనెరగను. ఎక్కడ రాసుందో చూపించు."

ఆమె సాకులు మొదలెట్టింది. పాత కాగితమంది. బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలియదంది. వచ్చే వారం చూద్దామంది. ఈలోపు మరో నవ్వుల తరగతికి పేరు రాస్తానంది. పెద్దాయన కుర్చీలోంచి కదల్లేదు. వెనక టోకెన్ల వాళ్ళు గొణగడం మొదలెట్టారు.

"అది చూడకపోతేనే మంచిది సార్," అంది చివరికి. అంకుల్ పోయి సార్ వచ్చిన సంగతి ఆయన గమనించలేదు.

"మా ఆవిడ చెయ్యి పడిపోతోందమ్మా. మంచీ చెడూ తర్వాత. ముందు కాగితం తియ్యి."

తాళం ఆమె సొరుగులోనే ఉంది. బీరువాలోంచి ఓ ఫైలు తెచ్చి, పసుపెక్కిన కాగితం ఆయన ముందు పెట్టింది. కింది సగం మీద అరచెయ్యి ఆనించే ఉంచింది. పదకొండేళ్ళ కిందట అన్ని మిల్లులకూ వెళ్ళిన ఉత్తర్వు అది. ఆయన పైకే చదివాడు.

"అభ్యర్థి వయసును కవరు పైభాగమున రాయించవలెను. యాభై దాటినవారి కవర్లను విప్పకుండానే తిప్పి పంపవలెను. ఈ విషయమున జాలికి తావు లేదు."

ఆ మాటల తీరు ఎక్కడో విన్నట్టే ఉంది. ఆఫీసు భాష ఎక్కడైనా ఇంతేగా అనుకున్నాడు. రెండోసారి చదివేసరికి ఆ కాగితం ముట్టుకోవడానికే ఏవగింపు కలిగింది. ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డ భార్య కళ్ళ ముందు మెదిలింది.

"మనిషన్నవాడు రాసే రాతేనా ఇది? వీడికి వయసు రాదా, వీడికి పెళ్ళాం లేదా? ఎవడమ్మా వీడు? పేరు చెప్పు, ఇప్పుడే వెళ్ళి వాడి మొహం మీదే అడుగుతాను."

అమ్మాయి ఆయన వంక ఒకసారి చూసి, కాగితం మీది నుంచి మెల్లగా చెయ్యి తీసింది.

కింద, సంఘం కార్యదర్శి అన్న చోట, సంతకం ఆయనదే.