పులి అడుగు మీద అద్దం

1972 ఎండాకాలంలో దేశమంతా పులులను లెక్కించారు. గోదావరిఖని బడిలో సైన్సు చెప్పే యేసుదానం ఆ పని మీద ఒక రాత్రి రామగిరి అడవిలోకి వెళ్లాడు. వెంట ఫారెస్టు వాచరు పోశం లాంతరు పట్టుకున్నాడు. వాగు ఇసుకలో పులి అడుగు ఉందని సాయంత్రం ఒక కాపరి చెప్పాడు. దాని మీద అద్దపు పలక పెట్టి, పైన పల్చటి కాగితం పరిచి, కింద కనిపించే అడుగు అంచు గీసి పంపాలి. పంపకపోతే లెక్కలో ఈ అడవికి సున్న పడుతుంది. సున్న పడిన అడవిని ఎవరూ కాపాడరు.

దూరంగా ఉరిమింది.

"పొద్దుగాల వద్దాం సారూ," అన్నాడు పోశం.

"వాన పడితే ఏం మిగుల్తది? దీపం జర కిందికి పట్టు."

యేసుదానం మోకాళ్ల మీద కూర్చుని గీయసాగాడు. సగం గీసేసరికి కీచురాళ్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. పోశం దీపం వెనక్కి తిప్పాడు. ఇందాక వాళ్లు నడిచొచ్చిన చెప్పుల జాడల మీద కొత్త అడుగులు పడి ఉన్నాయి. వాటి పక్కన చిన్నవి కూడా ఉన్నాయి.

"పిల్లతల్లి సారూ. మన ఎనకాలనే వచ్చింది."

 యేసుదానం గీత పూర్తిచేసి కాగితం చొక్కాలో పెట్టుకున్నాడు.

"పిల్లది గూడ గియ్యాలె పోశం. పిల్లలుంటెనే జాతి నిలుస్తది."

పొదలో ఎండుటాకు నలిగింది. యేసుదానం లేచి, ఆ చప్పుడు వైపే నాలుగడుగులు వేసి, చిన్న అడుగు ముందు కూర్చున్నాడు.

"దీపం కదలనియ్యకు," అన్నాడు మెల్లగా.