మేడగారి పదవీ విరమణ

గుమ్మటాలూ నగిషీలూ లేకుండా అబిడ్స్‌లో తొలిసారి లేచిన సిమెంటు ఆఫీసు మేడ అది. తర్వాతి కాలంలో అన్ని కట్టడాల్లాగే దానికీ మాటలు నేర్పారు. ఆఫీసులు ఖాళీ అయ్యాక విద్యార్థుల హాస్టల్ చేశారు గానీ, పురాతన కట్టడం గనక గోడల్నీ బుద్ధినీ ముట్టుకోవద్దన్నారు. దాంతో సాయంత్రం ఆరవగానే మేడ, "ఆఫీసు అయిపోయింది, ఇళ్ళకు వెళ్ళండి" అని దీపాలార్పేసేది.

పరీక్షలు ముంచుకొచ్చాయి. ఏం చేయాలో తోచక హాస్టల్ పిల్లలు తలలు పట్టుకున్నప్పుడు, వాళ్ళలో వైదేహికి తన తాత రిటైరైన రోజు గుర్తొచ్చింది.

"సన్మానం చేద్దాం" అంది స్నేహితులతో. "ఆఫీసోళ్ళు గా సన్మానం అయితెనే డ్యూటీ దిగుతరు."

లిఫ్టు తలుపుకు శాలువా కప్పి, దండ వేశారు. మేడగారంత సమయపాలన ఎవరికుందని ఒకరి తర్వాత ఒకరు లేచి పొగిడారు. గ్రూప్ ఫోటో కూడా అయ్యాక మేడ అడిగింది.

"మరి రేపట్నుంచి నేనెక్కడికి వెళ్ళాలమ్మా?"

వైదేహి లిఫ్టు మీద జారుతున్న శాలువా సర్దింది. "యాడికీ వద్దు సార్. గిదే మీ ఇల్లు."

మర్నాడు ఆరు దాటాక పిల్లలు బెరుకుబెరుగ్గా కాలేజీ నుంచి వచ్చారు. దీపాలన్నీ వెలుగుతున్నాయి.

"వచ్చారా తల్లీ" అంది మేడ. "చెప్పులు బయట విప్పి రండి."