సంగటికి సంగటి

“అమ్మా, గుడి కట్టాలంటే ఒక ముక్క తక్కువైంది,” అంది శ్రీదేవి, వాకిట్లో నాపరాయి ముక్కలు పేర్చుకుంటూ.

బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీ మూతపడి రెండు నెలలైంది. ఆ వీధి మగవాళ్లందరికీ మిగిలిన ఆస్తి ఆ ముక్కలే. పని వెతుక్కుంటూ కడప వైపు పోయిన శ్రీదేవి తండ్రి ఓబులేసు, పెళ్లాం బిడ్డలకు ఇంకా కబురు పెట్టలేదు.

“యాడో పడిండాదిలే,” అంది కృష్ణవేణమ్మ. మూతపెట్టిన సత్తు గిన్నెకు గుడ్డ చుట్టి గట్టిగా ముడివేసింది.

“సంగటేనా? నాకు పెట్టు మా. నిన్నటినుంచి ఏమీ తినలే.”

“ముట్టుకోవాకు! శనివారం గిన్నె అది.”

శనివారం గిన్నె అత్తగారి నాటి ఆచారం. అహోబిలం నరసింహస్వామికి ఒక్కపొద్దున్న రోజు తన చేతి ముద్దతో ఉపవాసం విడవకూడదు. ఈ ఇంటి సంగటి ఎదురింటికి, ఎదురింటి సంగటి ఈ ఇంటికి. అవే రాగులు, అదే ఉప్పు. “ఏం లాభమమ్మా ఈ బేరం?” అని నవ్వేవాళ్లకు ఆ ముసలమ్మ దగ్గర జవాబుండేది. “ఒకింట్లో పొయ్యి ఆరితే ఇంకో ఇంటికి తెలుస్తాది నాయనా.”

“మనదే తిందాం మా. వాళ్లదీ సంగటే గదా!” అని శ్రీదేవి గుడ్డ లాగింది.

కృష్ణవేణమ్మ కూతురి చెంప ఛెళ్లుమనిపించింది. పిల్ల ఒళ్లు జ్వరంతో కాలుతోంది. కొట్టిన చేతిని చూసుకుని తల్లికే ఏడుపొచ్చింది.

“రోంచేపు ఓర్చుకో తల్లీ. ఎదురింటత్త గిన్నె వస్తానే ముందు నీకే పెడతా.”

గిన్నెను రెండు చేతులా పట్టుకుని వీధి దాటింది. ఎదురింటి రాజ్యలక్ష్మమ్మ అప్పటికే తన గిన్నెతో గడపలో నిలబడి ఉంది. ఇద్దరూ మార్చుకున్నారు.

“బరువుండాదే కృష్ణవేణీ!”

“మీ ఇంట్లో పిల్లోళ్లుండారని పెద్ద ముద్దే పెట్టినా అక్కా.”

“నేనూ అంతే మే,” అంది రాజ్యలక్ష్మమ్మ నేలచూపులు చూస్తూ. “ఇంటికి పోయినాక ఇప్పుకో.”

ఎప్పుడూ అరగంట ముచ్చట్లాడుకునే వాళ్లు ఆ పూట ఇంకో మాట పొడిగించలేదు. ‘నరసింహా, ఈ ఒక్కసారికి మన్నించు’ అనుకుంటూ కృష్ణవేణమ్మ ఇల్లు చేరింది.

శ్రీదేవి కంచం పెట్టుకుని కూర్చుంది. కృష్ణవేణమ్మ ముడి విప్పి మూత తీసింది.

అందులోనూ నాపరాయే ఉంది.