ఆశ్రయపురం

నిర్మలమ్మను చంపింది పరశురాం.

ఆమె భర్త పెద్దులు ఈ మాట అడిగినవాళ్లకూ చెప్పాడు, అడగనివాళ్లకూ చెప్పాడు.

పరశురాం మర్రిగూడ మనిషి కాదు. పత్తి తోలడానికి వచ్చిన కిరాయి ట్రాక్టరు డ్రైవరు. ట్రాలీ వెనక పత్తి నింపిన గోనె బోరెం మూతి కడుతున్న నిర్మలమ్మ మీదికి ట్రాక్టరు వెనక్కి వచ్చింది. ఆమె మళ్లీ లేవలేదు.

"నేనే నడిపిన" అన్నాడు పరశురాం. జైలుకు పోయివచ్చాడు.

ఆదివారం ప్రార్థన ముగిశాక పాస్టరు పెద్దులును ఆపాడు. పెద్దులు కొడుకు నవీన్‌కుమార్ పక్కనే బండి మీద ఉన్నాడు.

"పెద్దులన్నా, పరశురాం నల్లగొండ దవాఖానల ఉన్నడు. దినాలు దగ్గర పడ్డయి. నిన్ను ఒక్కసారి చూస్తనంటుండు."

"నేను చూడ."

"ధర్మశాస్త్రం ఎరిగినోనివే గద. కట్టెలు కొడుతుంటె గొడ్డలి ఊడి పక్కోడు సచ్చిపోతే, కొట్టినోడు నరహంతకుడు గాదు. వాడు ఉరికిపోయి పానం కాపాడుకునేటందుకు దేవుడే ఆశ్రయపురాలు పెట్టిచ్చిండు. పగబట్టి, కాపుగాసి చంపినోనికే ఆడ జాగా లేదు."

"సచ్చినామెకు ఏం ఫరకయ్యా?"

పెద్దులు బండి వెనక ఎక్కాడు.

"చంపినోడు ఎవడైనా హంతకుడే. అసోంటోనికి నా ఇంట్ల మంచినీళ్లు గూడ పుట్టయి."

గురువారం పొద్దున కబురు వచ్చింది. పరశురాం పోయాడు.

"పీడ పోయింది" అన్నాడు పెద్దులు.

నవీన్ చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"గట్ల అనకు బాపు."

"నీ తల్లిని చంపినోడురా."

"ఆయన అప్పుడు ట్రాక్టరు మీద లేడు బాపు. గట్టు మీద చాయ్ తాగుతుండె. నేర్సుకుందామని నేనెక్కిన. గేరు ఎనుకకు పడ్డది."

నవీన్ కంచం పక్కకు జరిపాడు.

"నా కేక ఇని ఉరికొచ్చిండు. నన్ను దించి తానెక్కిండు. 'మీ బాపుకు ఇగ నువ్వొక్కనివే. నువ్వని తెలిస్తే గాయన నిన్ను గూడ పోగొట్టుకుంటడు' అన్నడు. చెప్తనని పోయినప్పుడల్లా నా నోరు మూసిండు."

పొయ్యి మీద చారు మసలి పొంగింది. పెద్దులు లేచి దించాడు. కొడుకు కంచంలో ఇంత పోశాడు.

"తిను. తిని బండి తియ్యి. పరశురాం మట్టికి పోదాం."

"బాపు, నేను..."

"ఇంకెన్నడు గా మాట నా ముందట ఎత్తకు."

పరశురాం పాడెకు పెద్దులు భుజం పట్టాడు. ఎందుకని ఎవరు అడిగినా నోరు విప్పలేదు.

మర్రిగూడలో పరశురాం ఇవాళ్టికీ హంతకుడే.