వెనక్కాళ్ల పని

పచ్చిక బాగుందని బర్రెల మంద పొరుగు అడవికి తరలిపోయింది. పేడపురుగులకు నోటికాడి కూడు పోయింది.

"పేడ దొర్లించడం తప్ప మనకింకేం చేతనవును," అంటూ ముసలి పురుగు అప్పన్న రాయి పక్కన కూలబడ్డాడు.

మేనకోడలు గున్నమ్మకు మాత్రం ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. కొండ అవతలి నుంచి కొత్తగా వచ్చిన చీమలు ఒక్క రేగుపండును లాగలేక ఆయాసపడటం చూసింది.

"పుట్టదాకా నేను దొర్లిస్తాను. నాకో వాటా పెడతారా?" అని అడిగింది.

సాయంత్రానికి చీమల పుట్టా నిండింది, గున్నమ్మ పొట్టా నిండింది.

"పళ్లు దొర్లించే పురుగంట. వంశం పరువు తీసింది," అని అప్పన్న రుసరుసలాడాడు. ఆకలికి తాళలేక ఒకనాటి పొద్దున మెల్లగా దగ్గరికొచ్చాడు.

"ఇంతకీ పండును ఏ కాళ్లతో తోస్తావే?"

"వెనక్కాళ్లతోనే మావయ్యా, పేడను తోసినట్టే."