రికార్డుల్లోంచి తీసేసిన మాట

కారు ఊళ్లోకి రాకముందే డప్పులు వినిపించాయి.

ఎమ్మెల్యే చెంచయ్య అద్దం దించాడు. టపాకాయలు పేలాయి. ఎవరో తలుపు తీసి ఆయన్ని బయటికి లాగి భుజాల మీదికి ఎత్తారు. ఒక చెప్పు కారులోనే ఉండిపోయింది.

"ఏం తిట్టావన్నా! మంత్రి గుడ్లనీళ్లు కుక్కుకున్నాడంట గదా!"

చెంచయ్యకు నవ్వు ఆగలేదు. నిన్న మధ్యాహ్నం సభ వాయిదా పడ్డప్పటి నుంచీ ఆగడం లేదు. హైదరాబాద్ నుంచి సత్తెనపల్లి దాకా నవ్వుతూనే వచ్చాడు. డ్రైవర్ సైదా అద్దంలో చూసి చూసి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వడం మొదలుపెట్టాడు.

మెడలో పూలదండ పడలేదు. ఎండుమిరపకాయల దండ పడింది.

"నీ నాలిక్కి ఇదే తగింది!" అన్నారు.

తేజ రకం. వేసినవాడు తుమ్మాడు. వేయించుకున్నవాడు తుమ్మాడు. మోసేవాళ్లు తుమ్మిన ప్రతిసారీ ఎమ్మెల్యే జానెడు ఎగిరి పడ్డాడు. జనం ఈలలు వేశారు.

జరిగింది రాష్ట్రమంతా పేపర్లో చదివింది. ఆ ఏడు పత్తి నడుం దాటి పెరిగింది. కాయ మాత్రం పట్టలేదు. విత్తనాలు నకిలీవి. రైతులు చెంచయ్య ఇంటి ముందు పదకొండు రోజులు కూర్చున్నారు. ఆ కంపెనీ ఎవరిదో సభలో అడిగి తీరాలన్నారు. ఆయనకు తప్పలేదు. లేచాడు. వ్యవసాయ మంత్రి వైపు వేలు చూపించాడు.

"ఈ కంపెనీ వెనక ఎవరున్నారో చెప్పు..." అన్నాడు. ఆ ఊపులో ఇంకో మాట అన్నాడు.

అది ఎవరికీ వినపడలేదు. సొంత పార్టీవాళ్లు అప్పటికే బల్లలు బాదుతున్నారు. మంత్రికి మాత్రం వినపడింది. తేలు కుట్టినట్టు లేచాడు.

"అధ్యక్షా! పుట్టి బుద్ధెరిగాక ఇంత మాట పడలేదు! తొలగించాలి! ఈ క్షణమే తొలగించాలి!"

ఆయన వెనక నూటయాభై మంది లేచారు. ఏ మాటో తెలియకుండానే చొక్కాలు పట్టుకున్నారు. స్పీకర్ కూడా ఏ మాటని అడగలేదు. రికార్డుల్లోంచి తీసేయమని చెప్పి, సభను నిరవధికంగా వాయిదా వేశాడు. పేపర్లు ఆ మాట ఉండాల్సిన చోట మూడు చుక్కలు పెట్టాయి.

సభలో చర్చంటే ఏమిటో చెంచయ్యకు ఎప్పుడో తెలిసింది. కాలవ నీళ్ల మీద నలభై నిమిషాలు మాట్లాడితే జిల్లా ఎడిషన్‌లో ఏడో పేజీ. రైతుల చావుల మీద మాట్లాడితే ఖాళీ కుర్చీలు. ఒక్క తిట్టుకి మొదటి పేజీ, ఫొటో. జనానికి మాటలక్కర్లేదు. చుక్కలు చాలు.

ఇంటి ముందు ఆ చుక్కల మీదే చర్చ నడుస్తోంది.

"అమ్మని పట్టుకుని ఉంటాడు."

"కాదెహె. మూడు చుక్కలున్నాయి. మూడక్షరాలు."

"అయితే నాకు తెలిసిపోయింది" అంటూ ఒకడు పక్కవాడి చెవిలో ఊదాడు. విన్నవాడు చెంపలేసుకున్నాడు.

గురవమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మిరపకోతల్లో ఆమె నోరు విప్పితే పక్క చేలో కూలీలు పని ఆపి వింటారు.

"అయ్యా, నా కాడ లేని తిట్టా అది? చెవిలో చెప్పు. పిల్లలున్న చోట అననులే."

"చెప్పకూడదు గురవమ్మా. సభాహక్కుల ఉల్లంఘన అవుద్ది."

"ఓలమ్మో!" అని ఆమె నోరు నొక్కుకుంది. అదే ఆ బూతనుకుంది.

అప్పుడు దానయ్య ముందుకొచ్చాడు. నాలుగెకరాల కౌలు పత్తి అతనిది. కిందటి ఎన్నికల్లో మంత్రి మనుషులు చెంచయ్య బ్యానర్ చించుతుంటే అడ్డం పడ్డాడు. తలకు తొమ్మిది కుట్లు. అక్కడ ఇప్పటికీ జుట్టు మొలవలేదు. ఆ రోజు చెంచయ్య ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, చచ్చేదాకా ఆ మంత్రి ఇంట పచ్చి మంచినీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఊరంతా ఏడ్చింది.

"అన్నా, మరి మన ఇత్తనాల సంగతి? కంపెనీ ఎవరిదో చెప్పాడా?"

"సభే వాయిదా పడితే ఇంకేం చెబుతాడ్రా?"

"మళ్లీ ఎప్పుడంట?"

"బడ్జెట్ సమావేశాల్లో."

"అప్పటికి పత్తికట్టె పీకేస్తాం గదన్నా. ఆఫీసరొస్తే ఏం చూపిస్తాం?"

చెంచయ్య భుజాల మీంచి దిగి దానయ్య తల మీద చెయ్యేశాడు. సరిగ్గా కుట్ల మీద.

"ఒరేయ్ దానయ్యా, నిండు సభలో వాడి పరువు తీశాను. నీ తలకి బదులు తీర్చానా లేదా?"

దానయ్య ఆలోచించాడు. మెల్లగా అతని మొహం విచ్చుకుంది.

"తీర్చావన్నా!"

పక్కవాడి మెడలోంచి డప్పు లాక్కున్నాడు. వాయించాడు. ఎగిరాడు. తలకు చుట్టిన తువ్వాలు ఊడి పడింది. కుట్లు ఎండకి మెరిశాయి. జనం అతని చుట్టూ మళ్లీ గంతులు మొదలుపెట్టారు.

చెంచయ్య భార్య శివపార్వతి గుమ్మంలోకి వచ్చి సెల్‌ఫోన్ అందించింది. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే నవ్వడం లేదు.

చెంచయ్య గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మిరపదండ తీసి మంచం మీద పారేశాడు. ఒక తుమ్ము తుమ్మి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

అవతల మంత్రి పడీ పడీ నవ్వుతూ అన్నాడు: "ఎంత అలవాటైతే మాత్రం, నిండు సభలో నన్ను 'బావా' అంటావేంటి బావా!"