తిప్పి ఇచ్చిన వకాలతు

మేజర్ ఎబినేజర్ వకాలతు కాగితాన్ని సంతకం పెట్టకుండానే వెనక్కి తోశాడు. "ఈ కేసు నేను తీసుకోనమ్మా."

విజయకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. పనులన్నీ మానుకుని, రాజోలు నుంచి బస్సులో నిలబడి అమలాపురం వచ్చింది ఈ మాట వినడానికా!

"ఎందుకు తీసుకోరండీ? కార్గిల్లో యుద్ధం చేసొచ్చి నల్లకోటు వేసుకున్నారు, మా బాధ మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని వచ్చేను. ఇందాకటిదాకా ఆయ్, ఆయ్ అంటూ విన్నారు కదా. ఆ మిలిటరీ కాగితం చూడగానే ఏవైందండీ?"

ఆ కాగితం ఆమె భర్త, సిపాయి దానం గురించి. యుద్ధం మధ్యలో కాపలా వదిలేసి పారిపోయాడని ఎవరో కెప్టెన్ రాసి, కింద సంతకమని ఓ గీత గీకాడు. పేరు కూడా లేదు. ఇరవై ఆరేళ్లయింది. మనిషి రాలేదు, శవమూ రాలేదు. మొన్న పంద్రాగస్టుకి ఊళ్లో అమరవీరుల రాయి నిలబెడుతుంటే, మా ఆయన పేరూ చెక్కండని అడిగింది. పారిపోయినవాడికి పేరేమిటమ్మా అని నలుగురిలో నవ్వారు. ఆ నవ్వు ఆమెకు ఇంకా మండుతూనే ఉంది.

"గౌరీశంకరం గారి దగ్గరికి వెళ్లండి. మంచి ప్లీడరు. నేను ఫోన్ చేసి చెబుతాను," అన్నాడు మేజర్, తలెత్తకుండా.

"ఆయనకి అంటగట్టేసి చేతులు దులుపుకుంటారా?"

"కేకలెయ్యకండమ్మా, బయట పార్టీలున్నారు," అంటూ గుమస్తా పోలయ్య అడ్డొచ్చాడు.

"విననివ్వవయ్యా! అందరూ వినాలి!" ఆమె మేజర్ వైపు తిరిగింది. "ఆఫీసర్లంతా ఒకటేనండీ! సిపాయి పరువు గంగలో కలిసినా సరే, సాటి ఆఫీసరు మీద ఈగ వాలకూడదు. ఇంత అబద్ధం రాసినోడు ఎక్కడున్నాడో గానీ, వాడి చెయ్యి పడిపోను! కనిపిస్తే చొక్కా పట్టుకుని బోనులోకి ఈడుద్దును!"

మేజర్ లేచాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

"వకాలతు తీసుకున్న ప్లీడరు అదే కేసులో సాక్ష్యం చెప్పకూడదమ్మా. అందుకే వద్దన్నాను," అన్నాడు. "దానం పారిపోలేదు. పై ఆర్డరు లేకుండా అతన్ని కొండ దిగి వెళ్లమన్నది నేనే. తిరిగి రాకపోయేసరికి, పారిపోయాడని రాసిన ఆ కెప్టెన్నీ నేనే."